కల్నల్ సాబ్ సరే, హవల్దార్ సాబ్ ఏడి?

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులోకి ఆ మధ్య ఓ ఫార్వర్డ్ వచ్చింది. రిటైరైన సైనికాధికారులను ఎట్లా పిలవాలి, పేరు ఎట్లా రాయాలి అని చెప్పే మెసేజీ. "ర్యాంకు రిటైరు కాదు, ఆఫీసరే రిటైరవుతాడు" అన్నది దాని సారం. కాబట్టి 'కల్నల్ (రిటైర్డ్) ఫలానా' అని రాయొద్దట, 'కల్నల్ ఫలానా (రిటైర్డ్)' అని రాయాలట. ఎదురుపడి మాట్లాడేటప్పుడు ఆ రిటైర్డ్ కూడా అక్కర్లేదు, కల్నల్ అంటే చాలు. ఫీల్డ్ మార్షల్ అయితే అసలు రిటైరే కారు, బతికినన్ని రోజులు సర్వీసులో ఉన్నట్టే లెక్క. మెసేజీలో తప్పేం లేదు, సైన్యం పాటించే పద్ధతి అదే. మా హన్మకొండ కాలనీలో ఒక రిటైర్డ్ కల్నల్ ఉంటారు గనుక దాని కింద దండాలు, జెండా బొమ్మలు వరసగా పడ్డాయి.

వాటి కిందనే, అదే సాయంత్రం, ఇంకో ఫ్లాటు నుంచి ఒక ముక్క వచ్చింది: "గేటు కాడ మిలిటరాయనకు ఎవరన్నా చెప్పండి, మా పార్సిల్ తీసి పెట్టమని." దానికీ ఎవరో బొటనవేలు పెట్టారు.

మా గేటు కాపలా కాసే ఆ మిలిటరాయన హవల్దార్‌గా, అంటే సిపాయి, నాయక్ తర్వాతి మెట్టులో, దిగిన మనిషి. నాకా సంగతి గేటు రిజిస్టరు వల్ల తెలిసింది. మా తమ్ముడు ఓ రాత్రి తొమ్మిదిన్నరకు వస్తే అందులో '2130' అని రాసి ఉంది. నడుమ చుక్క లేదు, ఏఎం పీఎం లేదు. పేజీ మొత్తం అట్లనే, అంకెలన్నీ ఒకే ఎత్తులో, గీత దాటకుండా. పగటి డ్యూటీ కుర్రాడి రాతలో ఫ్లాటు నంబరేదో ఫోను నంబరేదో దేవుడికే తెలియాలి. అడిగితే చెప్పాడు, "తోపుల మీద చేసిన మేడం. ఇరవై నాలుగేండ్లు." ఆర్టిలరీ అన్నమాట, ఫిరంగుల దళం.

నేను ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది ఒక్కటే. రిటైరైన సైనికుణ్ణి ర్యాంకుతో పిలవడం మర్యాద అని ఒప్పుకుంటే, ఆ మర్యాద కల్నల్ కన్నా హవల్దార్‌కే ఎక్కువ దక్కాలి. కల్నల్‌ను మనం ఏమని పిలిచినా ఆయనకు కొత్తగా వచ్చేదీ లేదు, పోయేదీ లేదు. ఆయన ఇల్లు, ఇంగ్లీషు, పిల్లల చదువులు ఆయన ఎవరో చెప్పేస్తాయి. హవల్దార్‌కు ఆ ర్యాంకు తప్ప ఊరికి చూపించుకోవడానికి ఇంకేమీ ఉండదు. మనం మాత్రం సరిగ్గా అక్కడే నోరు కట్టుకుంటాం.

ఎక్స్ ముందా, రిటైర్డ్ వెనకా

కాగితాలు చూడండి. ఆఫీసరుకు పేరు ముందు ర్యాంకు, పేరు తర్వాత బ్రాకెట్లో రిటైర్డ్. జవాన్ల కార్డుల మీద, దరఖాస్తుల మీద ఉండేది వేరు: ఎక్స్ హవల్దార్, ఎక్స్ నాయక్, ఎక్స్ సిపాయి. ర్యాంకు రిటైరు కాదన్న సూత్రం ఆఫీసరు విషయంలో పనిచేస్తుంది. హవల్దార్ దగ్గరికి వచ్చేసరికి ఆ ఎక్స్ వచ్చి సరాసరి ర్యాంకుకే అతుక్కుంటుంది. దీన్ని ఎవరో కూర్చొని కుట్ర పన్ని రాశారని నేననను. తెల్లవాళ్ళ సైన్యం నుంచి వచ్చిన అలవాటు కావొచ్చు. వాళ్ళ దేశంలోనూ పాత మర్యాద ప్రకారం సైన్యంలో మేజర్, ఆపై వాళ్ళే రిటైరయ్యాక ర్యాంకు చెప్పుకునేవాళ్ళు. కింది వాళ్ళు ఇంటికి పోతే ఉత్త మిస్టర్లే.

నడుమ ఒక మెట్టుంది, మన ఉపఖండపు సైన్యాలకే ప్రత్యేకమైంది. నాయబ్ సుబేదార్, సుబేదార్, సుబేదార్ మేజర్. వీళ్ళను జేసీవోలు, అంటే జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్లు, అంటారు. సిపాయిగా చేరి, ఒక్కో మెట్టు ఎక్కి, నెత్తి నెరిసేనాటికి భుజాన నక్షత్రం పెట్టుకున్నవాళ్ళు. అకాడమీ నుంచి వచ్చిన కుర్ర లెఫ్టినెంట్ కూడా వీళ్ళను 'సాబ్' అనే పిలవాలి. సైన్యంలో సాబ్ అనే పిలుపు వీళ్ళది. హవల్దార్‌ను ఉత్తగా హవల్దార్ అనో, పేరు కలిపో అంటారు. మన దిక్కు సాబ్ సంగతి వేరు. తహసీల్దార్ సాబ్, సర్పంచ్ సాబ్, నైజాం కాలపు అమీన్ సాబ్. మన నాలుకకు అలవాటైన మాటే. కాబట్టి 'హవల్దార్ సాబ్' అనడానికి నోరు తిరగడం లేదంటే నేను నమ్మను.

ఈ జేసీవోల్లో మంచి సర్వీసు ఉన్న కొందరికి జనవరి 26న, ఆగస్టు 15న ఆనరరీ లెఫ్టినెంట్, ఆనరరీ కెప్టెన్ ర్యాంకులు ఇస్తారు. అట్లా ఆనరరీ కెప్టెన్ అయినాయన ఒకరు ఓ స్కూలు ఫంక్షన్‌కు వచ్చి కూర్చుంటే నా వెనక వరసలో గుసగుస: "అసలు కెప్టెన్ కాదట, ఆనరరీ అట." ఏదో దొంగనోటు దొరికినట్టు. అకాడమీ దారిన వెళ్లిన పిల్లవాడు పాతికేళ్ళకు కెప్టెన్ అవుతాడు. ఈయనకు అక్కడికి చేరడానికి ఒక ఉద్యోగ జీవితమంతా పట్టింది. 1987లో సియాచిన్‌లో పాకిస్తాన్ వాళ్ళ ఖాయిద్ పోస్టును పట్టుకున్న బాణా సింగ్ అప్పుడు నాయబ్ సుబేదార్. ఆ శిఖరానికే బాణా టాప్ అని పేరు పెట్టారు. పరమవీర చక్ర వచ్చింది. ఆయన కూడా ఆనరరీ కెప్టెనే. అసలు, నకిలీ అని వెనక వరసలో తేల్చే సంగతి కాదిది.

నాయక్ అని రాస్తే ఏమైతది?

మా చిన్నబాపుది పరకాల అవతల ఊరు. సైన్యంలో వార్తలు చేరవేసే సిగ్నల్స్ దళంలో చేసి నాయక్‌గా దిగాడు. ఊళ్ళో ఆయన పేరు 'మిలిటరోడు'. ఆయన ఇల్లు 'మిలిటరోళ్ళ ఇల్లు'. జుట్టు తెల్లబడ్డాక 'మిలిటరి తాత' అయ్యాడు. అదే ఊరి నుంచి సుబేదార్‌గా దిగిన ఇంకో మనిషీ మిలిటరోడే, రెండేళ్ళు చేసి పారిపోయి వచ్చినవాడూ మిలిటరోడే. క్యాంటీన్ సీసా తెచ్చిన నాడు మాత్రం అందరికీ వరసలు గుర్తొచ్చేవి. బావా అనేవాడు ఒకడు, కాకా అనేవాడు ఒకడు. ఆయనకు ఊళ్ళో ఉన్న గౌరవంలో సగం ఆ రమ్ముదే అని మా చిన్నమ్మ ఇప్పటికీ అంటుంది.

కూతురి పెండ్లి కార్డు అచ్చు వేయించేటప్పుడు ఆయన తన పేరు ముందు 'నాయక్' అని రాసి ఇచ్చాడు. జీవితంలో మొదటిసారి ఆ మాట ఊరి ముందు పెట్టాలనుకున్నాడు. ప్రెస్సు కుర్రాడికి అనుమానం వచ్చింది, "ఇంటిపేరా సార్?" అని. మా ఇంటి పెద్దలకు ఇంకో అనుమానం. మా దిక్కు నాయక్ అంటే లంబాడోళ్ళ పేరు. తండా తండాకూ నాయక్‌లే. "నాయక్ అని రాస్తే మందికి వేరే తీర్గ అర్థమైతది" అన్నాడు పెద్ద బావ. "అయితే ఏమైతది?" అన్నాడు చిన్నబాపు. "ఆడ మా హవల్దార్ కురవి దిక్కు లంబాడాయన. ఆయన పేరెనుక నాయక్, నా పేరు ముందల నాయక్. నేను ఆయన కిందనే పని జేసిన." అందరూ నవ్వారు. నవ్వి, కార్డులో 'రిటైర్డ్ మిలిటరీ' అని వేయించారు. వియ్యంకుడి కార్డు మీద 'రిటైర్డ్ తహసీల్దార్' అని ఉంది, అక్షరం పోకుండా.

ఆ నవ్వులో ఏముందో ఊళ్ళో పుట్టిన వాళ్ళకు విడమరిచి చెప్పక్కర్లేదు. ఇక్కడ పిలుపు అనేది కులం ఇచ్చేది. దొర, పటేల్, పట్వారి, పంతులు. ఎవరిని ఎట్లా పిలవాలో ఏ మెసేజీ వచ్చి నేర్పలేదు, 'నీ బాంచెన్' అనడం నేర్పినట్టే దెబ్బలతో నేర్పారు. పటేల్ పట్వారీ వ్యవస్థ 1984లో రద్దయింది. వాళ్ళ మనుమలను ఇవాళ్టికీ 'పటేలా' అని పిలిచే ఊళ్ళు నేను చూపిస్తాను. ఎన్నడూ లెక్క రాయని, శిస్తు వసూలు చెయ్యని పిల్లవాడికి తాత ఉద్యోగం పిలుపుగా నడుస్తోంది. ఎండలో, మంచులో తానే నిలబడి సంపాదించుకున్న రెండక్షరాలు మాత్రం చిన్నబాపు కార్డు మీదికి ఎక్కలేదు.

రాజ్యాంగం 18వ అధికరణం ఈ లెక్కన మళ్ళీ ఒకసారి చూడాల్సింది. రాజ్యం ఎవరికీ బిరుదులు ఇవ్వకూడదు అంటుందది. రెండే మినహాయింపులు: సైనికమైనవి, విద్యాసంబంధమైనవి. తెల్లదొరలు ఇచ్చిన రావుబహద్దూర్లూ, పుట్టుకతో వచ్చే నవాబులూ పోయి, చదివి తెచ్చుకున్నదీ, సైన్యంలో తెచ్చుకున్నదీ మిగిలాయి. పద్మ పురస్కారాలను కూడా పేరుకు ముందో వెనకో బిరుదులాగా తగిలించుకోవద్దని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. మన ఫ్లెక్సీలు చూడండి మరి. 'పద్మశ్రీ ఫలానా గారికి ఘన స్వాగతం' అని ఆరడుగుల అక్షరాలు. కాకతీయ యూనివర్సిటీ దిక్కు ఏ సభలోనైనా ఒకరి పేరు ముందు 'డాక్టర్' పడిపోతే నెల రోజులు అలక. జూనియర్ కాలేజీలో తెలుగు చెప్పి దిగిన నన్ను కూరగాయల బండి దగ్గర కూడా టీచరమ్మా అనే అంటారు. కోర్టు వద్దన్నది అచ్చేస్తున్నాం, రాజ్యాంగం వదిలిపెట్టినదాంట్లో కింది సగాన్ని మింగేస్తున్నాం.

పిలవాలనుకుంటే మనకు చేతకాదా అంటే, బాగా చేతనవును. హన్మకొండ, హుజూరాబాద్ దిక్కు 'కెప్టెన్' అంటే పేరు కూడా చెప్పక్కర్లేదు, కెప్టెన్ లక్ష్మీకాంతరావు గారే. సైన్యంలో చేసి వచ్చాక ఎమ్మెల్యే అయ్యారు, మంత్రి అయ్యారు, రాజ్యసభకు వెళ్ళారు. జనం నోట్లో మాత్రం అన్నిటికంటే ముందు కెప్టెనే. ఆ ర్యాంకుతో ఆయన్ను పిలవడానికి ఎవరికీ ఏ ఫార్వర్డూ అవసరం పడలేదు.

గేటు కాడ వద్దు

ఇంతవరకూ రాసింది చదివి ఎవరైనా రేపటి నుంచి మా గేటు దగ్గర 'హవల్దార్ సాబ్, పార్సిల్' అని మొదలుపెడితే నేను ఒప్పుకోను. ఎందుకంటే ఆయన్ను నేను అడిగాను.

"గేటు కాడ వద్దు మేడం" అన్నాడు. "ఆడ హవల్దార్ అంటే నా చేతిల తోపు, దాని మనుషులు. ఈడ నా చేతిల ఏమున్నది, ఈ కుర్చీ." మరేమని పిలవాలె అంటే, "పేరున్నది గద."

ఆ పేరు కాలనీలో ఎంతమందికి తెలుసో చెప్పడం కష్టం. జీతం ఏజెన్సీ ఇస్తుంది, మారువాళ్ళను ఏజెన్సీ పంపుతుంది, పేర్లతో మనకు పని పడదు. పిల్లలు 'మిలిటరీ అంకుల్' అంటారు, వాళ్ళే నయం. నాకు అప్పటిదాకా స్పష్టంగా తోచని సంగతి ఆయన మాటతో తోచింది. ర్యాంకు గౌరవమే, కానీ తగని చోట ఆ మాట వాడితే వెక్కిరింపులాగా తగులుతుంది. తోపు దగ్గర ఉండాల్సిన మాటను పాల ప్యాకెట్ల దగ్గరికి ఈడ్చుకొస్తే అది ఆయన్ను పెంచదు. ఎక్కడ పిలవాలో, ఎక్కడ వద్దో చెప్పే హక్కు ఆయనది, నాది కాదు. మెసేజీల్లో వచ్చే మర్యాదల చిట్టాల్లో ఎప్పుడూ ఉండని మాట 'అడగండి' అన్నదే.

జనవరి 26 సంగతి కూడా అడిగాను. "జెండా కాడ అనుండ్రి" అన్నాడు.

ఎందుకట్లా అన్నాడో కిందటి గణతంత్ర దినం నాడు అక్కడున్న వాళ్ళకు అర్థమవుతుంది. ఆ రోజు జెండా ముందే కర్ర కొసన కట్టి ఉండాలి, లాగితే విచ్చుకోవాలి. తెల్లారేసరికి ఎలక్ట్రీషియన్ కట్టి పోయాడు. ఈయన వచ్చి కిందికి దింపి, ముడి చూసి, మాట్లాడకుండా మొత్తం విప్పేశాడు. గుడ్డను నిలువుగా మడిచి, మళ్ళీ అడ్డంగా మడిచి, నడుమ గుప్పెడు బంతిరేకులు పోసి, వేలి చుట్టూ తాడు ఒకటే చుట్టు చుట్టి కొసను లోపలికి దోపాడు. రెండుసార్లు కింద పెట్టి లాగి చూసుకున్నాడు. పైకి పంపాక తాడు కల్నల్ గారి చేతికిచ్చి, "గట్టిగ గుంజొద్దు సార్, ఒక్క సుట్టే" అని వెనక్కి జరిగాడు. జెండా ఒక్క లాగుకు విచ్చుకుంది. రేకులు కల్నల్ గారి మీద పడ్డాయి. చప్పట్లు కల్నల్ గారికి పడ్డాయి. మైకు పట్టుకున్న కమిటీ ఆయన ధన్యవాదాలు చెప్పేటప్పుడు "కల్నల్ గారికి, మన సెక్యూరిటీ సిబ్బందికి" అన్నాడు.

న్యాయంగా చెప్పాలంటే ఆ రోజు ఆయన్ను ర్యాంకుతో పిలిచింది కాలనీ మొత్తంలో కల్నల్ గారొక్కరే. తాడు తీసుకుంటూ "హవల్దార్, కౌన్‌సీ రెజిమెంట్?" అని అడిగారు. ఈయన మడమలు రెండూ దగ్గరికి చేరాయి, వెన్ను నిటారయింది, జవాబు హిందీలో వచ్చింది. ఇద్దరూ ఒక నిమిషం మా కాలనీలో లేరు.

ఆ మడమలు నాకు సంతోషమూ కలిగించాయి, అనుమానమూ కలిగించాయి. ర్యాంకు అంటే గౌరవం ఒక్కటే కాదు, ఒకరు చెప్పాలి, ఒకరు వినాలి అనే ఏర్పాటు కూడా. రిటైరైన కల్నల్‌కు రిటైరైన హవల్దార్ మీద ఏ అధికారమూ లేదు. మా మీద అసలే లేదు. కానీ పిలుపు వెంట ఆ ఏర్పాటు నక్కి నక్కి వస్తుంది. బోరు మోటారు మార్చాలా, రిపేరు చెయ్యాలా అని మా కాలనీలో పెద్ద పంచాయితీ నడిచింది. రెండు కొటేషన్లు పక్కపక్కన పెట్టి చూడాల్సిన విషయం. "కల్నల్ సాబే చెప్పిండు గదా, ఇంకేముంది" అని తేల్చేశారు. పాపం ఆయన అభిప్రాయం చెప్పారంతే, ఆర్డరు వెయ్యలేదు. ర్యాంకు వినబడగానే మిగిలినవాళ్ళే జవాన్లయిపోయారు. బ్యాంకు క్యూలో, తహసీల్ ఆఫీసులో ర్యాంకు చెప్పి ముందుకు పోవాలని చూసే వాళ్ళను కూడా నేను చూశాను. మీటింగులో అందరూ ఫ్లాటు నంబర్లే, అక్కడ ర్యాంకు వద్దు. జెండా దగ్గర, సన్మానం దగ్గర, పెండ్లి కార్డు మీద, చావు కబురులో, అక్కడ కావాలి. అక్కడైనా పై నుంచి కింది దాకా అందరికీ కావాలి, లేకపోతే ఎవరికీ వద్దు.

బొగ్గు బాయి సంగతేమిటి?

ఈ మాట భూపాలపల్లిలో ఉండే నా స్నేహితురాలితో అంటే ఆమె ఒక్క ముక్కలో అడ్డం కొట్టింది. ఆమె భర్త సింగరేణిలో భూగర్భ గనిలో చేసి దిగాడు. "మా ఆయన ముప్పై ఏండ్లు నేల కింద ప్రాణం పెట్టి పని చేసిండు. పైకప్పు కూలి దోస్తులు పోయిండ్రు. ఆయన్ను కోల్ కట్టర్ గారు అని ఎవరన్న పిలుస్తరా? కాజీపేటల రైలింజను నడిపినాయనను లోకో పైలట్ సాబ్ అంటరా? మిలిటరోళ్ళే ఏం పుణ్యం చేసిండ్రు?"

నా దగ్గర ఉన్నది సగం జవాబే. బొగ్గు బాయిలో కూడా సర్దార్, ఓవర్‌మన్ అనే మెట్లున్నాయి. వాటికి పరీక్షలు, సర్టిఫికెట్లు ఉన్నాయి. గోదావరిఖని, మందమర్రి కాలనీల్లో రిటైరైన ఓవర్‌మన్‌ను ఓవర్‌మన్ సారు అనే అంటారు. కోల్ కట్టర్ దగ్గరికి వచ్చేసరికి అక్కడా గొంతు ఆగిపోతుంది. అంటే ఇది సైన్యం ఒక్కదాని జబ్బు కాదు, ఆమె అభ్యంతరం నా వాదాన్ని కొట్టెయ్యడం లేదు, దాన్ని ఇంకా దూరం తీసుకుపోతోంది. అయినా తేడా ఒకటుంది. సైనికుడి ర్యాంకు రాజ్యాంగమే ఎత్తి చెప్పి మినహాయించిన కోవలోది. రాజ్యం ఇచ్చినదాన్ని రాజ్యంలోని జనం కిందివాళ్ళ విషయంలో మాత్రం పలకకపోవడం ప్రత్యేకంగా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఈ జవాబు ఆమెకు సరిపోలేదు. నాకూ పూర్తిగా సరిపోలేదు.

జనవరి 14న మాజీ సైనికుల దినం జరుపుతారు. మొదటి భారతీయ సర్వసేనాని కరియప్ప 1953లో రిటైరైన రోజది. మన దిక్కు ఆ తేదీ భోగికో సంక్రాంతికో పడుతుంది. ఊరికి పోయిన వాళ్ళు ఊళ్ళో, ఉన్నవాళ్ళు సకినాల దగ్గర. సభకు ఎవరొస్తారు, ఎవరు ఎవరిని ఏమని పిలుస్తారు.

ఆడవాళ్ళ సంగతి ఇంకో తీరు. సైన్యంలో మేజర్‌గా చేసి వచ్చిన అమ్మాయి ఒకామె నాకు తెలుసు. ఎక్కడికి పోయినా 'మేడం' అంటారు, తర్వాత ప్రశ్న "సార్ ఏ ర్యాంకు?" అని. సార్ బ్యాంకులో పని చేస్తాడు. డాక్టర్లు, నర్సులు కాక మిగతా శాఖల్లో 1992 నుంచి ఆడవాళ్ళను ఆఫీసర్లుగా తీసుకుంటున్నా చాలామంది కొన్నేళ్ళ గడువుకే ఉండే షార్ట్ సర్వీస్ కమిషన్ మీద చేరి, ఆ గడువు తీరాక ఇంటికి వచ్చినవాళ్ళే. షార్ట్ సర్వీసులో చేసి దిగినవాళ్ళకు, మగవాళ్ళయినా ఆడవాళ్ళయినా, ర్యాంకు వాడుకునే అనుమతి ప్రభుత్వం ఇచ్చింది 2020లో. ర్యాంకు రిటైరు కాదనే మాట వాళ్ళకు అంత ఆలస్యంగా అమలయింది. ఎవరి ర్యాంకు బతికుంటుందో, ఎవరిది ఇంటికి పోగానే చస్తుందో ఒక కాగితం నిర్ణయిస్తుందన్నమాట. కాగితం మారితే చచ్చింది లేచి కూర్చుంటుంది.

వాపసొచ్చినోళ్ళు

ఈ మాటను ఇప్పుడే తేల్చుకోవాలని నాకనిపించడానికి అగ్నివీర్లు, అంటే నాలుగేళ్ళకే సైన్యంలోకి తీసుకునే అగ్నిపథ్ పథకం కింద చేరినవాళ్ళు, కారణం. 2022లో ఆ పథకం వచ్చినప్పుడు సికింద్రాబాద్ స్టేషన్‌లో జరిగిన గొడవలో, పోలీసు కాల్పుల్లో చనిపోయిన కుర్రాడు మా వరంగల్ జిల్లా వాడు. సైన్యంలో చేరడం ఇక్కడి పిల్లలకు ఎంత పెద్ద ఆశో ఆ జూన్ నెలలో రాష్ట్రమంతా చూసింది. మొదటి బ్యాచ్ శిక్షణ 2023 జనవరిలో మొదలయింది. నాలుగేళ్ళ తర్వాత నూటికి పాతిక మందికి మించి ఉంచుకోరు. మిగిలిన వాళ్ళు సుమారు 11.71 లక్షల సేవానిధి తీసుకుని ఇంటికి రావాలి. పింఛను లేదు, మాజీ సైనికుడి హోదా లేదు, ఆ హోదాతో వచ్చే దవాఖానా, క్యాంటీన్ లేవు. వాళ్ళది సిపాయి, నాయక్ వరసలో చేరని వేరే ర్యాంకు అని పథకంలోనే రాశారు.

ఊళ్ళో వీళ్ళకు ఏం పేరు పడుతుందో నేను ఇప్పుడే చెప్పగలను. "మిలిటరికి పోయి వాపసొచ్చినోడు." ఆ వాపసు అనే ముక్కలో ఎంత విషముందో పిల్లను ఇవ్వడానికి వచ్చిన వాళ్ళు అడిగే మొదటి ప్రశ్నలో తెలుస్తుంది: "ఎందుకు తీసేసిండ్రు?" చిన్నబాపు లాంటి వాళ్ళకు కనీసం ఒక కార్డు, ఒక పింఛను పుస్తకం, ఇంటికి ఒక పేరు ఉండేవి. ఈ పిల్లలకు పిలుపు తప్ప వేరే సాక్ష్యం ఉండదు.

మా వీధిలో పాలు పోసే ఆమె కొడుకు ఆ మొదటి బ్యాచ్ వాడే. కాలనీలో కార్డులకూ శుభలేఖలకూ మాటలు రాసిచ్చేది నేనే గనుక ఆమె ఇప్పటి నుంచే అడుగుతోంది. ఉంచుకుంటారా, పంపిస్తారా తెలియదు, ఏదైనా లగ్గం మాత్రం పెట్టుకోవాలి.

"టీచరమ్మా, ఒకయాళ పంపిచ్చిండ్రే అనుకో. కార్డు మీద వాని పేరు కాడ ఏమని రాయాల్నే?"

"అగ్నివీర్ అనే రాద్దాం. పేరు ముందల."

"రాయొచ్చునా? మల్ల ఎవరన్న ఏమన్న అంటే?"

"వద్దని కాయిదం వస్తే అప్పుడు సూద్దాం గానీ, నువ్వయితే లెక్క రాస్కో. నిన్నటిది అర్ధ లీటరే."